నారాయణన్న గొంతు పోయిన పదిహేను రోజులు

నిన్న పొద్దున టీ తాగుతుంటే ఫోన్ మోగింది. నారాయణన్న కూతురు.

"అత్తా, నాయన పోయినాడు" అంది.

టీ గ్లాసు అట్లే కింద పెట్టేశాను. తొంభై దాటిన మనిషి పోతే షాక్ ఏంటంటారేమో. మొన్న ఆదివారమే ఫోన్‌లో ఎండల గురించి అరగంట మాట్లాడాడు. అంతలోనే లేడంటే నమ్మబుద్ధి కాలేదు.

ఇది చదివే మా పిల్లల్లో చాలామంది ఇప్పుడు టీమ్ లీడర్లు, మేనేజర్లు. మీకోసమే ఇది. నేను చెప్తుంటే మనవరాలు టైప్ చేస్తోంది.

అరవైల్లో సంగతి. ఉరవకొండలో శనక్కాయల మిల్లు. మిషన్‌లో పొట్టు ఊడిన గింజల్ని చాటల్లో పోసుకుని పుచ్చులు ఏరడం మా పని. షెడ్డులో ఇరవై మంది ఆడవాళ్ళం. వానల్లేక చేలు ఎండిపోయిన ఏడాది అది. అందరికీ ఆ పనే ఆధారం.

మా సూపర్వైజర్ నారాయణన్న. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. మిషన్ చప్పుడును మించి అరిచేవాడు. మిషన్ ఆగినా ఆయన అరుపు ఆగేది కాదు.

ఒకరోజు పుచ్చు గింజలున్నాయని లోడు వెనక్కి వచ్చింది.

అన్న నేరుగా హనుమక్క దగ్గరికి వచ్చాడు. మా అందరిలో పెద్దది ఆమె. "కండ్లు కనపడకపోతే ఇంట్లో కూర్చో పో!" అని ఆమె చాట లాక్కుని విసిరేశాడు. గింజలన్నీ నేలపాలు.

ఆమె కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మూడు రోజులకు అసలు సంగతి తెలిసింది. ఏరని మూటలు పొరపాటున లోడెక్కాయి. ఎక్కించింది నారాయణన్నే. ఆయన ఆ మాటే ఎత్తలేదు. మేమూ అడగలేదు. భయం.

తర్వాతి వారం, ఆ దుమ్ములో అరిచి అరిచి, ఆయన గొంతు పోయింది. పదిహేను రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడట అనంతపురం డాక్టరు.

అన్న పలక పట్టుకుని పనికొచ్చాడు. మాలో చదువొచ్చింది నాకొక్కదానికే. అదీ ఐదో క్లాసు. ఆయన రాస్తాడు, నేను గట్టిగా చదవాలి.

మొదటిరోజే రాశాడు: "ఏమే సోంబేరుల్లారా, చేతులు పడిపోయినాయా?"

చదవబోయి ఆగిపోయాను. ఎదురుగా మా పిన్ని కూర్చునుంది. ఆ పక్కన మా వీధి అక్కలు.

"ఇది నేను చదవనన్నా. గొంతొచ్చినాక నువ్వే చెప్పుకో."

చాటల మీద చేతులన్నీ ఆగిపోయాయి. నా పని పోయిందనుకున్నా.

అన్న పలకను తన వైపు తిప్పుకున్నాడు. చాలాసేపు చూశాడు. చెరిపేసి, చిన్న అక్షరాలతో రాశాడు.

"రోజూ ఇట్లే మాట్లాడతాండానా?"

"ఇంతకంటే అన్యాయంగా మాట్లాడతావన్నా" అన్నా.

మా పిన్ని నవ్వాపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది. ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు.

సాయంత్రం నన్ను తోడు రమ్మని సైగ చేసి హనుమక్క ఇంటికి నడిచాడు. "తప్పు నాదే అక్కా" అని రాశాడు. చదివి వినిపించాను.

గొర్రెపిల్లకు మేత వేస్తున్న హనుమక్క తలెత్తలేదు. "చాట ఇసిరేసింది యాడ? అందరి ముందర. తప్పని చెప్పేది ఈడనా? ఆడ చెప్పు, వస్తా."

మర్నాడు మిషన్ ఆపించాడు. అందరి ముందు నిలబడి పలక నా చేతికిచ్చాడు. ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి.

"హనుమక్క తప్పేమీ లేదు. ఏరని మూటలు పంపించింది నేను" అని చదివాను.

గుమ్మం దగ్గరే నిలబడి వింది హనుమక్క. "సరేలేప్పా" అంటూ వచ్చి తన చోట కూర్చుంది. చాట ఆయనే తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

మిగతా రోజులు దూరం నుంచి అరవలేడు కదా, వచ్చి మా మధ్యే కూర్చునేవాడు. అప్పుడు తెలిసింది ఆయనకు, షెడ్డులో వెలుతురు చాలడం లేదని. మేము ఏళ్ళుగా మాలో మేము అనుకుంటున్న మాటే. కప్పు మీద రెండు రేకులు తీయించి అద్దాలు వేయించాడు. పుచ్చులు తగ్గాయి.

గొంతు వచ్చాక మహాత్ముడేమీ అయిపోలేదు. కోపం వచ్చేది. అరవబోయి ఆగి, బయటికి పోయి నీళ్ళు తాగి వచ్చేవాడు.

శనివారం పనయ్యాక అడిగేవాడు. "ఈ వారం ఎవర్నన్నా నొప్పించినానా? చెప్పండి."

మొదట్లో ఎవ్వరూ నోరు విప్పలేదు. తర్వాత ఆపమన్నా ఆపలేదు!

మూడేళ్ళకు తను మేనేజరై, నన్ను షెడ్డు సూపర్వైజర్‌ని చేశాడు. ఓనరు "ఆడమనిషా?" అన్నాడట. "నాకు ఎదురుచెప్పింది ఈయమ్మ ఒక్కతే" అన్నాడట ఈయన.

నిన్న సాయంత్రం వెళ్ళి చూసొచ్చా. నిజం చెప్పాలంటే ఏడుపు రాలేదు. తృప్తిగా బతికిన మనిషి. తన తప్పు కథను ఇన్నేళ్ళూ తనే నవ్వుతూ అందరికీ చెప్పుకున్న మనిషి.

ఆ షెడ్డు వాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలా. అందరి తరఫునా చెప్తున్నా.

నీ కింద పని చేసినందుకు మాకు సంతోషమేనన్నా.

నిమ్మళంగా పోయిరా.