తాళం వేసిన కన్యాకుమారి

తుపాను హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ కూర్మనాథం పంతులుగారు ఉత్తరీయం నడుముకు బిగించి, భజన తాళాల సంచి భుజాన వేసుకొని, ఊరందరికన్నా ముందుగా బడి మేడకు చేరతారు. మంచినీళ్ళు, అటుకులు, టార్చిలైట్లు గదిలో పెట్టించి, అక్కడే ఏకాహం ఆరంభిస్తారు. రామనామం అందుకున్నవారెవరూ ఇరవైనాలుగు గంటలు నిండేవరకు గడప దాటరాదన్నది ఆయన నియమం. ఈసారీ అలాగే భజన సాగుతుండగా, మధ్యాహ్నం హోరుగాలి ఒక్కసారిగా ఆగి, ఎండ పొడ కూడా కనిపించేసరికి, కిరాణా కొట్టు కన్యాకుమారి లేచి నిలబడింది. “గాలి తగ్గీసినాది పంతులుగారూ. కొట్టుకి తాలమేసినానో నేదో సూసొస్తాను.”

“తుపాను కన్ను మన నెత్తిమీదుందమ్మా. కాసేపట్లో గాలి అటునుంచి తిరగబడతాది. తాళమేగా, ఇక్కడే వెయ్యి,” అంటూ ఆయన కంచు తాళాలు ఆమె చేతుల్లో పెట్టారు. అందరూ గొల్లున నవ్వారు. ఆమె సణుగుతూనే కూర్చొని వేయసాగింది. మూడో నామావళి ముగియకముందే పడమటి గాలి విరుచుకుపడి, ఆమె వెళ్ళవలసిన వీధిలో ఇనుప రేకులను విస్తరాకుల్లా ఎగరేసింది. కిటికీలోంచి అది చూసిన పంతులుగారు పాట మధ్యలోనే ఆపి ఆమె వైపు తిరిగారు. కన్యాకుమారి చేతులు మాత్రం లయ తప్పలేదు. “పాటాపీసినారేటి పంతులుగారూ? ఎత్తుకోండి,” అని నవ్వింది.