అటక మీద ఆరో కాయ

దయ్యాలున్నాయని నమ్మేవాళ్ళు కురిడీ వ్యాపారం చెయ్యలేరు. ముందు ఈ ముక్క చెప్పి, తర్వాత అసలు సంగతికొస్తాను.

కురిడీ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం. కొబ్బరికాయల్ని వలవకుండా, పీచుతో సహా అటక మీద పోసి పది పన్నెండు నెలలు వదిలేస్తాం. లోపలి నీళ్ళు వాటంతటవే ఇంకిపోతాయి. కొబ్బరి ఎండి, చిప్పని వదిలేసి, బంతిలా తయారవుతుంది. అదే కురిడీ. అన్ని వేల కాయలు నెత్తి మీద ఎండుతుంటే ఏదో ఒక చప్పుడు వస్తూనే ఉంటుంది. కాయ జారుతుంది. ఎలుక పరుగెడుతుంది. దూలం కిర్రుమంటుంది. ప్రతిదానికీ గుండె పట్టుకుంటే మా మలికిపురం చుట్టుపక్కల సగం ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఏడేళ్ళయింది, ఒక్కరోజూ భయపడలేదు. మా ఇంట్లో భయపడే పని మావారిది. బల్లి అరిచినా ఆయన కృష్ణా రామా అనుకుంటారు.

నా గొంతు గురించి కూడా చెప్పాలి, అది కూడా సాక్ష్యమే. చెట్టు చిటారున ఉన్న దింపు కూలీకి కింద నుంచి "ఆ గెల వదిలెయ్, ఈ గెల కొట్టు" అని అరిచి అరిచి నాకు ఈ గొంతొచ్చింది. నేను ఫోన్ చేస్తే అవతలివాళ్ళు ఫోను చెవికి జానెడు దూరంలో పెట్టుకుంటారు. "రత్నం, మీ అన్నయ్యతో మాట్లాడ్డానికి ఫోనెందుకు? అరుగు మీద నుంచుని మాట్లాడెయ్, రాజోలు దాకా వినపడద్ది" అంటారు మావారు.

మా అత్తగారు సుబ్బాయమ్మగారు దీనికి పూర్తిగా భిన్నం. ఆవిడ మాట పక్కనున్నవాళ్ళకే వినపడేది. కానీ ఆ మాటకి ఇల్లంతా కదిలేది. కాయ తయారైందో లేదో తేల్చడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. నీళ్ళుంటే కాయ ఊపినప్పుడు గుడగుడమంటుంది, ఎండితే టకటకమంటుంది. ఇది చిన్నపిల్లలకీ తెలుసు. ఆ రెంటికీ మధ్యలో ఉన్న కాయని పట్టుకోవడమే కష్టం. అత్తగారికి ఎడమ చెవి వినపడదు. అందుకని కాయని కుడి చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపి, అటుది ఇటు తిప్పి, మళ్ళీ ఒక్కసారి ఊపేవారు. తయారైతే అటక మీదే, నిచ్చెన పక్కనున్న ఎత్తు చెక్క మీద తొడిమ కిందకి వచ్చేట్టు పెట్టేవారు. బాగుందనీ భేషనీ అనరు. అలా పక్కన పెట్టడమే ఆవిడ మెప్పు. నా వంటనీ, నా పనినీ, నన్నూ ఆవిడ ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఇరవై ఆరేళ్ళపాటు నాతో అన్నది ఒకే మాట.

"కాస్త నోరు తగ్గించమ్మా, కాయ వినపడట్లేదు."

ఆవిడ పోయి ఏడాది దాటింది.

ఇక మా అమ్మాయి హారిక. డిగ్రీ అయ్యాక హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే కంప్యూటర్ పని చేస్తోంది. మిగతా టైమంతా పాటలే. సినిమా పాటలైతే నాకు బాధ లేదు. ఇవి వేరు. ఎక్కడెక్కడి ఆడపిల్లలో వాళ్ళ పాట వాళ్ళే రాసుకుని, వాళ్ళే బాణీ కట్టుకుని, పడగ్గదిలో కూర్చుని ఫోన్లో రికార్డు చేసి ఇంటర్నెట్లో పెడతారట. వెనక ఫ్యాను చప్పుడు, కుక్కరు కూత, అన్నీ పడతాయి. తియ్యరట, కావాలనే ఉంచుతారట. జ్వరంతో పడుకున్న మనిషి మంచినీళ్ళు అడిగినట్టు పాడతారు. నోరు తెరవడానికి ఇంత బద్ధకమేమిటే అని నేననేదాన్ని. అది కూడా అలాగే పాడేది. నాలుగు తీగల బుల్లి గిటారొకటి కొనుక్కుంది. ఒళ్ళో పెట్టుకుంటే గిటారు కన్న పిల్లలా ఉంటుంది.

కొత్తపేటలో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్లో హారికని పాడమన్నారు. మైకు పట్టుకుని, తను సొంతంగా రాసుకున్న పాట, పెదాలు కదిపీ కదపనట్టు మొదలుపెట్టింది. నేను ఐదో వరసలో ఉన్నాను. చెట్టు మీద మనిషికి చెప్పే అలవాటు కదా, నోరు జారింది.

"గట్టిగా పాడవే! వినపడి చావట్లేదు!"

పందిరంతా నవ్వింది. వంటవాళ్ళు కూడా నవ్వారు. హారిక మైకు బల్ల మీద పెట్టేసి, వచ్చి నా పక్కనే కూర్చుని, నిదానంగా భోజనం చేసింది. ఆ రోజు నుంచి ఐదు నెలలు నా చెవిన పడేలా ఒక్క కూనిరాగం తియ్యలేదు. గిన్నెలు సర్దుతూ ఏదో పాడుకునేది, మానేసింది. నేను గుమ్మంలోకి వస్తే గిటారు ఆగిపోయేది. నాకు ఎంత కష్టమనిపించిందో ఏం చెప్పను. తప్పైపోయిందని చెబుదామంటే, నా గొంతుతో చెబితే వీధి వీధంతా వింటుంది. అదొక సిగ్గు.

రికార్డు చేసుకోవడానికి అది అటక ఎక్కడం మొదలుపెట్టింది. పీచు ఎకోని మింగేస్తుందనీ, గొంతు చెవి పక్కనే ఉన్నట్టు వస్తుందనీ వాళ్ళ నాన్నకి చెప్పిందట. నాకు చెప్పలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి నేను బీపీ బిళ్ళలకి మలికిపురం వెళ్ళి, ఆటోలో తిరిగొచ్చాను. బిళ్ళల చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. ఆటో దిగేసరికి హారిక అరుగు మీద నుంచుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను పాడుకునే పావుగంటే దొరికిందా నీకు కాయలు ఊపుకోడానికి? వినడం ఇష్టం లేకపోతే మానెయ్యమ్మా. ఎందుకు చెడగొడతావు?"

"నేనెప్పుడెక్కేనే అటక? ఇప్పుడేగా ఆటో దిగేను!"

అది ఆటో వంక చూసింది. నా చేతిలో బిళ్ళల పొట్లం చూసింది. ఫోన్లో రికార్డింగు పెట్టింది.

పాట నడుస్తోంది. రెండు లైన్ల మధ్య ఖాళీలో టకటక, చిన్న విరామం, టక్. తర్వాత చెక్క మీద బరువుగా ఏదో పెట్టిన చప్పుడు. మళ్ళీ ఇంకో ఖాళీలో అదే. పాట మొత్తంలో ఐదుసార్లు. అదీ పాట మీద పడకుండా, పాడడం ఆగినప్పుడే. పాడుతున్నప్పుడు తనకేమీ వినపడలేదంది. కిందకొచ్చి వింటే ఈ చప్పుళ్ళున్నాయి. నేను దొంగచాటుగా ఎక్కాననుకుంది.

రెండు ఊపులు, తిప్పడం, ఒక ఊపు. నా చేతిలో పొట్లం కింద పడింది. ఈ ఇంట్లో కాయని అలా చూసే మనిషి ఒక్కరే.

నిద్ర లేచొచ్చిన మావారు ఒకసారి విని, ఫోను ముందు చేతులు కట్టుకున్నారు. "ఆయ్... అమ్మేనండీ" అన్నారు. ఎవరితో అన్నారో ఆయనకే తెలియాలి. తర్వాత హారతి కర్పూరం వెతకడానికి పరుగెత్తారు. అన్నీ ఎండిన పీచు, అటక మీద నిప్పెడతారా అని కేకేసి, నేనే నిచ్చెనెక్కాను.

చెక్క మీద ఐదు కాయలున్నాయి. తొడిమలు కిందకి.

ఉన్నదున్నట్టు చెబుతాను. అటక మీద కాయలు పోసి నాలుగు నెలలే అయింది. పోసేముందు అటక నేనే ఊడ్చాను, పాత కాయ ఒక్కటీ మిగల్లేదు. ఈ ఐదూ కిందకి తెచ్చి పగలగొట్టాను. ఐదూ కురిడీలే, చుక్క నీరు లేదు. మర్నాడు కుప్పలోంచి యాభై కాయలు తీసి ఊపాను. అన్నిట్లోనూ గుడగుడే. ఏ మూలో పాత కాయలుండిపోయాయేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. ఉండిపోతే మాత్రం, వాటిని వరసగా నిలబెట్టిందెవరు? ఎలుక కాయని కొరుకుతుంది గానీ తొడిమ కిందకి పెట్టదు కదా.

నేను అంతటితో వదిలే మనిషిని కాదు. రికార్డింగులోనే ఏదో మోసముందని పట్టుబట్టాను. హారిక నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టింది, అదే మొదటిసారి. చప్పుడు ఎక్కడొస్తుందో కాగితం మీద రాసుకుంటూ, నాలుగు రోజుల్లో ఆ పాట నలభైసార్లు విని ఉంటాను.

మొదట్లో చప్పుళ్ళే విన్నాను. తర్వాత వాటి చుట్టూ ఉన్నవి వినపడ్డాయి. దూరంగా కాకి. తీగ మీద వేలు జారిన చప్పుడు. ప్రతి లైను ముందూ మా అమ్మాయి తీసుకునే చిన్న ఊపిరి. చంటిపిల్లప్పుడు పాలు తాగుతూ మధ్యలో అలాగే ఆగి ఊపిరి తీసుకునేది. మైకులో వినపడి చావని ఆ గొంతు చెవి పక్కన ఎంత బాగుందంటే, మూడో రోజు నేను కాగితం మీద రాయడం మానేశాను. ఆ పాటలో మాటలు ఇవి:

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి
ఎవరూ ఏమీ అనలేదు
తడి కాళ్ళతో ఇల్లంతా తిరిగాను
ఎవరూ ఏమీ అనలేదు
అటక నిండా కాయలున్నాయి
చెవి పెట్టేవాళ్ళు లేరు

వాళ్ళ మామ్మ మీద రాసుకున్న పాట. ఏడాదిగా అది పాలు పొంగించినా, తడి కాళ్ళతో తిరిగినా, మెల్లగా కసిరేవాళ్ళు లేరని. కొత్తపేట పందిట్లో పాడబోయిందీ ఇదే. ఈ పాటనే నేను గట్టిగా పాడమన్నాను. ఎంత పని చేశానురా భగవంతుడా అని వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అది కూడా గట్టిగానే ఏడ్చినట్టున్నాను, హారిక పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందమ్మా?"

"పాట బాగుందే. తప్పు నాది. కాయని చెవి దగ్గర పెట్టుకునే ఊపాలని తెలిసినదాన్ని, నిన్ను ఐదో వరస నుంచి విందామనుకున్నాను."

అది తన చున్నీతో నా కళ్ళు తుడిచింది. తర్వాత, "మళ్ళీ రికార్డు చేస్తాను, పైకొస్తావా? కానీ నోరెత్తకూడదు. తుమ్మకూడదు కూడా" అంది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం ఎక్కాం. మావారు కింద నిచ్చెన పట్టుకుని నుంచున్నారు. నిచ్చెన ఊగుతుందని కాదు, ఆయన ఊగిపోతున్నారని. నేను ఖాళీ చెక్కకి వీపు ఆనించి కూర్చున్నాను. ఖాళీ అని మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే కూర్చోబోతూ దాని దుమ్ము నా కొంగుతోనే తుడిచాను.

హారిక నా ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూస్తూ పాడింది. నాలుగు నిమిషాల పాట. పుట్టి బుద్ధెరిగాక మెలకువగా ఉండి అంతసేపు నేను మాట్లాడకుండా ఉండడం అదే మొదటిసారి. మొదటి నిమిషంలో ఎడమ పక్క కాయలు సరిగ్గా పొయ్యలేదని చెప్పాలనిపించింది. మింగేశాను. రెండో నిమిషంలో పిల్ల చిక్కిపోయిందని అనాలనిపించింది. అదీ మింగాను. ఆ తర్వాత ఏమీ అనాలనిపించలేదు. పాటైపోయాక కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయాను. కళ్ళు మాత్రం కారుతున్నాయి. హారిక వెంటనే ఫోను ఆపలేదు.

అటక మీద ఏ చప్పుడూ లేదు. ఇద్దరం సాక్ష్యం.

అక్కడే కూర్చుని రికార్డింగు పెట్టుకుని విన్నాం. పాట పొడుగునా ఒక్క టకటకా లేదు. హమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త దిగులు కూడా వేసింది. పాట అయిపోయింది. నేను ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆ తర్వాత, నేను మాట్లాడకుండా ఉన్న ఆ కాసేపట్లో, టకటక... టక్. చెక్క మీద కాయ పెట్టిన చప్పుడు.

హారిక నా భుజం మీదుగా వెనక్కి చూసి కళ్ళు పెద్దవి చేసింది. నేను తిరిగాను. నా వీపు వెనకే, తొడిమ కిందకి, ఒక కాయ.

ఇంతే జరిగింది. ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళు చాలామంది వచ్చారు. గాలి అన్నారొకరు, ఫోను పాడైందన్నారొకరు. మావారు శాంతి చేయిద్దామన్నారు. నేను వద్దన్నాను. దయ్యాలంటే ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. కానీ అటక ఎక్కేటప్పుడు "అత్తయ్యగారూ, వస్తున్నానండీ" అని చెబుతున్నాను, అదీ మెల్లగానే.

ఐదు కాయలు పాట కోసం పెట్టారని మా అమ్మాయి అంటుంది. ఆరోది పాటైపోయాక వచ్చింది. అప్పుడు అటక మీద జరిగిందల్లా నేను నోరు మూసుకోవడమే. ఆవిడ ఇరవై ఆరేళ్ళు అడిగిందీ అదే. ఆ కాయని పగలగొట్టలేదు. దేవుడి గూటి పక్కన పెట్టుకున్నాను. ఎవరూ లేనప్పుడు తీసి, కుడి చెవి దగ్గర పెట్టుకుని, రెండుసార్లు ఊపి, తిప్పి, ఒక్కసారి ఊపుతాను.