జెయింట్ వీల్ మీద జాకెట్ ముక్క గొడవ

నాకు జరిగిన అవమానాలను నేను మరిచిపోను. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను. చుట్టాల పెళ్లిలో మా అమ్మను పంక్తిలోంచి లేపి వెనక కూర్చోబెట్టిన మనిషి పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఎదురుపడితే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాను. అమీర్‌పేటలో నేను పనిచేసిన కోచింగ్ సెంటర్‌లో ఫ్యాన్ కింద ఉన్న నా కుర్చీని కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చారు. ఎవరిచ్చారో, ఏం మాట చెప్పి ఇచ్చారో అన్నీ గుర్తే. ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో మనిషి ఉన్నాడు. విశాఖపట్నం బీచ్‌లో జెయింట్ వీల్ ఎక్కిన సాయంత్రానికి మాత్రం ఎవరి మీద కోపం పెట్టుకోవాలో ఇన్నేళ్లైనా తేల్చుకోలేకపోయాను.

ఆ కోచింగ్ సెంటర్‌లో నేను రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. ఆ వీల్ నాతో ఎక్కినతను అక్కడే కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. అతనిది విశాఖ. మాది ఎర్రమంజిల్ క్వార్టర్స్. నాన్న ప్రభుత్వ ఆఫీసులో జీపు డ్రైవరు. సాయంత్రం బ్యాచ్ అయ్యాక ఇద్దరం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిచేవాళ్లం. హాస్టళ్ల బోర్డులు, కరపత్రాలు చేతిలో కుక్కేవాళ్లు, ఫుట్‌పాత్ మీద పెట్టిన బజ్జీల మూకుళ్లు, వీటి మధ్య నుంచి దారి చేసుకుంటూ. పక్కపక్కన నడవడానికి చోటుండేది కాదు. అతను ముందు నడుస్తూ, మాటిమాటికీ వెనక్కి తిరిగి మాట్లాడేవాడు.

ఒకరోజు అలాగే తిరిగి, "నిన్నొక మాట అడగాలి. ఇక్కడ మాత్రం అడగను" అన్నాడు.

"ఇక్కడేమైంది?"

"ఏమైందా? ఈ హారన్లలో నువ్వు సరే అన్నావో, జరుగు అన్నావో నాకు తెలియొద్దూ. మా ఊళ్లో సముద్రం పక్కన అడుగుతాను."

ఏం అడుగుతాడో నాకు తెలుసు. ఏం చెప్పాలో కూడా ఆ రోజే అనుకున్నాను.

ఆ చలికాలంలో మా స్టాఫ్ అందరినీ విశాఖ టూర్ తీసుకువెళ్లారు. అతని అక్క అక్కడే ఉంటుంది. ఆమె మా ఆడవాళ్లను భోజనానికి పిలిచింది. అకౌంట్స్ చూసే మేడమ్, లైబ్రరీ చూసే అక్క, నేను వెళ్లాం. చేపల పులుసు పెట్టింది, కొసరి కొసరి వడ్డించింది. నా విస్తరిలో ముల్లు లేని ముక్కలు ఏరి వేసింది. అది నేను కాదనను.

బయల్దేరేటప్పుడు పళ్లెం తెచ్చి ముగ్గురికీ బొట్టు పెట్టింది. మేడమ్‌కు తమలపాకులు, పండ్లు, జాకెట్ ముక్క పెట్టింది. లైబ్రరీ అక్కకూ అంతే. నాకు బొట్టు పెట్టి, చేతిలో ఒక జామపండు పెట్టి, గడ్డం పట్టుకుని నవ్వింది. అంతే. పళ్లెంలో ఇంకో జాకెట్ ముక్క ఉంది, ఆకుపచ్చది. దాన్ని అలాగే లోపలికి తీసుకుపోయింది.

మెట్లు దిగుతుంటే మేడమ్ నా చేతి వైపు చూసి, "నీకేం పెట్టలేదా?" అంది. ఆ మాట లైబ్రరీ అక్క వినేటట్టే అంది. దాన్నీ మరిచిపోలేదు.

సాయంత్రం బీచ్ దగ్గర ఎగ్జిబిషన్‌కు వెళ్లాం. మిగతావాళ్లు ముంత మసాలా బండి దగ్గర ఆగిపోయారు. జెయింట్ వీల్ ఎక్కాలని హైదరాబాద్‌లో బయల్దేరేటప్పుడే నేనన్నాను. అతనికి ఎత్తంటే భయమని ఎక్కేదాకా నాకు తెలియదు. సముద్రం పక్కనే పుట్టి పెరిగినవాడు, ఆ వీల్ ఒక్కసారి కూడా ఎక్కలేదట. తొట్టి కదలగానే కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ భయంలోనే నా చున్నీ కొస ఇనుప చువ్వలకు తగులుకుంటుందని లాగి నా ఒళ్లో పెట్టాడు.

పైకి పోతుంటే జనరేటర్ మోత కిందే ఉండిపోయింది. గాలిలో ఉప్పు వాసన. ఒక పక్క రోడ్డు మీద దీపాల వరుస, ఇంకో పక్క నీళ్లు నల్లబడుతున్నాయి. దూరంగా ఓడలు దీపాలు పెట్టుకుని కదలకుండా నిలబడ్డాయి. కింద ఎవరినో ఎక్కించుకోవడానికి వీల్ ఆగింది. మేం సరిగ్గా పైన ఉన్నాం.

అతను కడ్డీ మీద నుంచి ఒక చెయ్యి తీసి నా చెయ్యి పట్టుకున్నాడు. తడిగా, చల్లగా ఉంది.

"నేను కిందికి చూడను. నిన్నే చూస్తూ అడుగుతాను, నవ్వకు" అన్నాడు.

"ముందు నేనొకటి అడుగుత," అన్నాను. "మీ అక్క నాకెందుకు జాకెట్ ముక్క పెట్టలే?"

"ఏంటీ?"

"ఇద్దరికి పెట్టింది. నా ముంగట్నే పెట్టింది. నాకు జామకాయ ఇచ్చి పంపింది. పళ్లెంల ఇంకోటి ఉండె, నేను చూసిన."

అతను నవ్వాడు. ఆ నవ్వే నాకు మంట పుట్టించింది.

"అదా. కావాలనే పెట్టలేదు. మా ఇంట్లో అంతే. మా నాయనమ్మ నుంచీ ఉంది. వచ్చి వెళ్లిపోయేవాళ్లకి పెట్టి సాగనంపుతారు. ఇంట్లోకి రావాల్సిన పిల్లకి అలా పెట్టి పంపకూడదంటారు. నీ కోసం అక్క చీరే కొని ఉంచింది, తర్వాత పెట్టడానికి."

"ఇప్పుడే పుట్టించినవ్ గీ మాట."

"ఒట్టు."

"మరి పెట్టేటప్పుడు ఆమెకు నోరు లేదా? మేడమ్ ముందట నా ఇజ్జత్ పోయింది."

"వాళ్ల ముందు ఎలా చెబుతుంది? నేనింకా నిన్ను అడగనే లేదు కదా."

ఆ మాటలో న్యాయం ఉందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసినా ఆగలేకపోయాను. మేం తెలంగాణోళ్లమనా, నాన్న డ్రైవరనా అని అడిగాను. వాళ్ల అక్క పులుసు వడ్డించినప్పుడు మా మాట తీరును చూసి నవ్విందన్నాను. నిజానికి ఆమె నవ్వింది నేను చెప్పిన జోకుకు. వీల్ కదిలింది, కిందికి దిగి మళ్లీ పైకి వచ్చింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. అతను నా చెయ్యి వదిలి, మళ్లీ కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

కింద దిగాక, "ఇంకోసారి ఎక్కుదామా?" అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. అంత భయపడే మనిషి ఇంకోసారి ఎక్కుదామన్నాడంటే ఎందుకో నాకు అర్థం కాకపోలేదు.

"నాకు తల తిరుగుతుంది," అన్నాను. తిరగలేదు.

హైదరాబాద్ వచ్చాక అమ్మతో జరిగిందంతా చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది.

"చెప్పకుండ పెట్టకపోవుడు తప్పే," అంది. "కానీ పిలగాడు చెప్పిండు గదనే."

"ఆయన చెప్పుడు కాదు. ఆమె చెప్పాలె."

"ఆమె చెప్తే సుత నువ్వు ఇంకోటి తీస్తవ్."

అమ్మ అన్న ఆ మాట కూడా మనసులో పెట్టుకుని, కొన్నాళ్లు ముభావంగానే ఉన్నాను.

తర్వాత కూడా మేం నడవడం మానలేదు. అతను ముందు, నేను వెనక. వెనక్కి తిరగడం మాత్రం తగ్గిపోయింది. ఒకరోజు పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ఆగి, "ఒక్కసారి అక్కకి ఫోన్ చెయ్యి. నువ్వు బాధపడ్డావని చెప్పాను. నీతో మాట్లాడాలనుంది తనకి" అన్నాడు.

"మాట్లాడాలనుంటే ఆమెనే చెయ్యాలె."

"తను పెద్దది."

"తప్పు చేసినోళ్లు పెద్దోళ్లయితే ఫోన్ చెయ్యరా?"

అతను ఒక్క క్షణం నన్ను చూసి, ముందుకు నడిచాడు. ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. తెలియని నంబరు ఏది మోగినా ఆమేననుకున్నాను. లోన్ కావాలా అని అడిగేవాళ్లే చేశారు. ఆమె కూడా అక్కడ నా ఫోన్ కోసం అలాగే చూసిందని చాలా రోజుల తర్వాత అతనే చెప్పాడు. సోమాజిగూడలో వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోతూ, టేబుల్ ఖాళీ చేసుకుంటూ చెప్పాడు. అప్పుడైనా నేను చేసి ఉండొచ్చు. ముందు ఆమె చెయ్యాలి కదా అనుకున్నాను.

కొన్నాళ్లకు తన పెళ్లి కార్డు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నాకు విడిగా పంపలేదు. అందరూ పూల బొమ్మలు పెట్టారు. నేను ఏమీ పెట్టలేదు.

ఈమధ్య అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో అతనూ, అతని భార్యా ఎదురయ్యారు. ఆమె చేతిలో బట్టల సంచులు ఉన్నాయి. నెమ్మదైన మనిషిలా ఉంది. అతనికి చెవుల పక్కన జుట్టు నెరిసింది.

"బాగున్నారా అండీ?" అన్నాడు నాతో. తర్వాత ఆమె వైపు తిరిగి, "పాత ఆఫీసులో కలిసి పనిచేశాం. వీళ్లు ఎర్రమంజిల్" అన్నాడు.

"అయ్యో, అయితే మన వైపే కదా," అంది ఆమె. "మేం ఖైరతాబాద్ వెళ్తున్నాం. రండి, కలిసే వెళ్దాం."

ఆమె పిలుపులో ఏ వంకా దొరకలేదు. దొరికితే బాగుండేది.

"లేదండీ. నేను మియాపూర్ వైపు పోవాలి," అన్నాను.

అమ్మ ఇంకా ఎర్రమంజిల్‌లోనే ఉంటోందని, ఆ వేళకు నేను ఇంటికే వెళతానని అతనికి తెలుసు. ఒక్క క్షణం నన్ను చూశాడు. ఫ్లైఓవర్ కింద ఆగినప్పుడు చూసినట్టు చూశాడు. ఏదో అంటాడనుకున్నాను.

"సరేనండీ, జాగ్రత్తగా వెళ్లండి," అన్నాడు.

నేను అవతలి ప్లాట్‌ఫారం మీదికి వెళ్లి నిలబడ్డాను. వాళ్ల బండి వచ్చి వెళ్లింది. మియాపూర్ బండి కూడా వచ్చి వెళ్లింది. జనం పలచబడ్డాక మెట్లు దిగి, మళ్లీ ఇవతలి వైపు ఎక్కి, ఎర్రమంజిల్ బండి కోసం నిలబడ్డాను. అబద్ధమాడుతున్నావని అతను ఒక్క మాట అని ఉండొచ్చు. అనలేదు. అనాల్సిన అవసరం అతనికి లేదని నాకు తెలుసు. అయినా ఆ రోజు నుంచి అది కూడా మరిచిపోలేకపోతున్నాను.