పోయారనుకున్నాం

కపిలేశ్వరపురంలో బడిపిల్లలకు మధ్యాహ్నం వంట చేసే దీవెనమ్మది పాత బటన్ ఫోను. దాని స్క్రీను అగ్గిపెట్టెంత. గోదావరి నడుమనున్న లంక నుంచి ఫోను చేస్తే మాట వినపడదు గానీ మెసేజీలు వస్తాయి. ఆమె మొగుడు వీర్రాజు రోజూ పడవలో లంకకు వెళ్లి వంగతోట చూసుకుంటాడు. అతనితో వెళ్లే ఆమె తమ్ముడు బెంజమిన్ అక్కడి కబుర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపుతుంటాడు.

ఆ రోజు పప్పు దించుతుంటే ఫోను మోగింది. "అక్కా, పడవ తిరగబడింది. బావగారు పోయార" అని ఉంది. ఆఖరి అక్షరం పడలేదనుకుంది. చేతిలో గరిటె జారిపోయింది. ఏడుపు కూడా రాలేదు. గోడకు ఆనుకుని అలాగే కూలబడిపోయింది.

టీచరు స్టెల్లా పరుగున వచ్చి ఫోను అందుకుని, కింది బటన్ నొక్కింది.

"దీవెనమ్మగారూ, ఇంకా ఉందండీ! మాట పెద్దదై, వరసలో పట్టక మధ్యకి విరిగిపోయిందండీ. 'పోయారనుకున్నాం, ఈదుకుంటూ ఒడ్డుకి చేరేరు' అని రాసేరండి."

"మళ్లీ చదవండమ్మా," అంది దీవెనమ్మ. మళ్లీ చదివినా నమ్మలేదు.

సాయంత్రం వీర్రాజు బురదబట్టలతో గుమ్మంలో నిలబడితే, ముందు అతని ముఖం తడిమి చూసుకుంది. ఆ తరువాత వెనకున్న తమ్ముడి మీద విరుచుకుపడింది.

"బతికేరని ముందు రాయాలిరా! అదీ చిన్నచిన్న మాటల్లో!"

"ఆయ్, అలాగే అక్కా," అన్నాడు బెంజమిన్.

దీవెనమ్మ వీర్రాజు చెయ్యి మాత్రం వదల్లేదు.