అక్కకు నేను చెప్పిన తప్పు అర్థం

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల ఒక బిస్కెట్ల ప్యాకింగ్ కంపెనీల నేను పనికి చేరినప్పుడు, మెషిన్ పక్కన నిలబెట్టుకొని నాకు పని నేర్పింది మా లైన్ లీడర్. అందరం ఆమెను అక్కా అనేటోళ్లం. జనగామ దిక్కు పల్లె నుంచి పెండ్లయి ఉప్పల్ వచ్చింది. పదో తరగతి దాక తెలుగు మీడియంలనే చదివింది. నేను డిగ్రీ మధ్యల ఆపేసిన. పొద్దున ఉప్పల్ కాడ ఇద్దరం ఒకటే షేర్ ఆటో ఎక్కేటోళ్లం.

నాకు ఐదేండ్ల సర్వీసు నిండినప్పుడు కొత్త మేనేజర్ వచ్చిండు. మాలో నుంచే ఒకరిని సూపర్‌వైజర్‌గ తీసుకుంటమని, ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లనే ఉంటదని చెప్పిండు. అక్క పేరిచ్చింది. నేను గూడ ఇచ్చిన. శనివారం డ్యూటీ అయినంక క్యాంటీన్‌ల స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు మొదలైనయ్. ఏఎస్ రావు నగర్‌ల కోచింగ్ చెప్పే సారు ఒకాయన వచ్చేటోడు.

ఒక శనివారం మనుషుల గుణాలు చెప్పే ఇడియమ్స్ చెప్పిండు. హార్ట్ ఆఫ్ గోల్డ్ అంటే బంగారమసొంటి మనసున్నోళ్లు, బిగ్ మౌత్ అంటే నోట్ల మాట ఆగనోళ్లు, కోల్డ్ ఫిష్ అంటే ఎవరితోని కలవనోళ్లు, గిట్లనే వెట్ బ్లాంకెట్. రెండు మాటలల్ల మనిషంత తేలిపోతుంటే నాకు మస్తు సంబరమైంది. ఆ రోజు చర్చిల పాటల ప్రాక్టీసు ఉండి అక్క క్లాసుకు రాలే. తెలిసినోళ్ల మీద ఐదు వాక్యాలు రాసుక రమ్మన్నడు సారు.

ఆ వారమే మా లైన్ల ఆడపిల్లలమంత ఒకటే రోజు లీవ్ పెట్టి స్టేడియంకు మ్యాచ్ చూడ పోదామనుకున్నం. అక్క అడ్డం పడ్డది. "గట్ల అందరు ఒక్కసారే పోతే లైన్ బందైతది. సగం మంది పోన్రి," అన్నది. ఎవరు పోవాల్నో తేలక ఆఖరికి ఎవరం పోలే. ఆ కోపంల హోంవర్కుల రాసిన, మా లైన్ లీడర్ ఒక వెట్ బ్లాంకెట్ అని. పదిమంది సంబరం మీద నీళ్లు సల్లే మనిషి అని దానర్థం.

మల్ల శనివారం క్లాసుకు అక్క గూడ వచ్చింది. సారు మెచ్చుకొని ఆ వాక్యం అందరి ముందట చదివిండు. కొందరు కిసుక్కున నవ్విన్రు. అక్క నా దిక్కు చూసింది.

ఇంటికి పోతుంటే ఆటోల అడిగింది. "నా మీద ఏం రాసినవ్ చెల్లె? వెట్ బ్లాంకెట్ అంటే ఏంది?"

"తడి దుప్పటి అక్కా."

"అంటే?"

నా నోరు నా కంటె ముందే పనిజేసింది. "ఎండకాలం తడి బట్ట కప్పుకుంటే సల్లగుంటది గదా. కొట్లాటలైనకాడ అందరిని సల్లబరిచే మనిషి అని."

ఆమె ముఖం వెలిగిపోయింది. "గంత మాట రాసినవా నా మీద!" అని నా చెయ్యి పట్టుకున్నది.

ఇంటర్వ్యూకు ఇంక మూడు వారాలు ఉండె. రోజూ ఆటోల తన గురించి తాను చెప్పుకునుడు ప్రాక్టీసు చేసేది. "నువ్వు రాసిన మాట గూడ చెప్త," అన్నది ఒకనాడు. "ఎందుకక్కా, సింపుల్‌గ చెప్పు," అన్న. "నాకు మంచిగనిపించింది చెల్లె," అన్నది. అప్పుడన్న నిజం చెప్పాల్సింది. సిగ్గుతోని చెప్పలేదా, ఆ పోస్టు మీద ఆశతోని చెప్పలేదా అంటే ఇప్పటికీ నాకు తెల్వదు.

ఇంటర్వ్యూ రోజు నేను బయట బెంచీ మీద కూసున్న. తలుపు సందుల నుంచి ఆమె గొంతు ఇనబడ్డది. "సార్, ఐ యామ్ ఎ వెట్ బ్లాంకెట్. ఎవ్రీబడీ సేస్." లోపల ఒక్కసారిగ నవ్విన్రు. ఆమె గూడ వాళ్లతోని నవ్వింది. బయటికొచ్చి నా భుజం తట్టి, "మంచోళ్లే చెల్లె, నవ్వుతున్నరు. భయపడకు," అన్నది.

పోస్టు నాకొచ్చింది.

ఆ ముచ్చట ఫ్లోర్ అంత పాకింది. మెషిన్ ఆపరేటర్లు ఆమెను బ్లాంకెట్ అక్క అనుడు మొదలుపెట్టిన్రు. అక్క ఇంటర్ చదివే తన బిడ్డను అడిగి అర్థం తెలుసుకున్నదట. తెల్లారి ఆటోల నా దిక్కు చూడకుండనే అన్నది, "కోపముంటే నా ముఖం మీదనే తిట్టకపోయినవా? పడుదును."

"తప్పయింది అక్కా," అన్న.

రెండు నెలలు నా కిందనే పనిజేసింది. చెల్లె అనుడు మానేసి మేడం అన్నది. ఆ పిలుపుల ఎత్తిపొడుపు లేకుండె, అదే నాకు ఎక్కువ గుచ్చుకున్నది. తర్వాత కాప్రా దిక్కు ఒక స్కూల్ల ఆయా పని దొరికిందని మానేసింది. పోయేనాడు నేను ఆఫీసు రూంల ఫైళ్లు చూస్తున్నట్టు కూసున్న. లేచి గేటు దాక పోతే ఏమయ్యేది?

పోయినేడు అక్క తన బిడ్డ పెండ్లి కార్డు పట్టుకొని కంపెనీకి వచ్చి, అందరితోపాటు నాకు గూడ ఇచ్చింది. పోయిన. బువ్వకాడ తానే వచ్చి నా పళ్లెంల కూర ఏసింది. "అక్కా, నీతోని ఒక మాట," అన్న. "తినున్రి మేడం, సల్లారిపోతది," అన్నది. అంతల ఫోటోకు రమ్మని ఎవరో పిలిచిన్రు. నేను చేతులు కడుక్కొని, ఆమె స్టేజీ మీద ఉండంగనే బయటికొచ్చిన.