బాదం ఎడమ కన్ను

పదకొండేళ్లు మోసిన బరువును ఈ కాగితం మీద దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. బహుశా అందుకే రాయగలుగుతున్నాను.

ఒక జాతర రోజు పొద్దున్న ఒక మనిషి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. జవాబు నాకు తెలుసు. తెలిసీ నవ్వుతూ అబద్ధం చెప్పాను. ఆ రోజు నేను చేసిన తప్పు అది. దాని వల్ల అతని కాలు పాడైంది. కాలికంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. అది జరుగుతున్నప్పుడు నేను పక్కనే ఉండి చూశాను.

పోలీసు అశ్వదళంలో పనిచేసి నిరుడు రిటైరయ్యాను. ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. మా దళం చిన్నది, ఎనిమిది గుర్రాలు. పోలీసు గుర్రం అనగానే జనానికి పరుగు గుర్తొస్తుంది. మాకు పరుగుతో పెద్దగా పని పడదు. కొనేటప్పుడు వయసు, ఎత్తు, కాళ్లు, గిట్టలు, పళ్లు అన్నీ చూస్తాం గానీ, అసలు చూసేది నిలబడమంటే నిలబడుతుందా అని. తర్వాత నెలల తరబడి శిక్షణ ఉంటుంది. చెవి దగ్గర డప్పు కొడతాం. రేకు డబ్బాలు దొర్లిస్తాం. ముఖం ముందు గొడుగు విప్పుతాం. మేమే గుంపుగా చేరి అరుస్తూ దాని మీదికి వెళ్తాం, కాగితం ఉండలు విసురుతాం. మొదట్లో గుర్రం వణికిపోతుంది. పైనున్న మనిషి మెడ నిమురుతూ మాట్లాడుతూనే ఉంటాడు. కొన్నాళ్లకి, భయమేసినప్పుడల్లా ఆ మనిషి మాట కోసం చెవులు వెనక్కి తిప్పడం దానికి అలవాటవుతుంది. అలా తిప్పిన రోజున, ఇక ఇది జనంలోకి పనికొస్తుంది అనుకుంటాం.

నా గుర్రానికి రికార్డుల్లో ఏదో పెద్ద పేరు ఉంది. ఒళ్లు బాదం పప్పు రంగు కాబట్టి అందరం బాదం అనేవాళ్లం. ఆడ గుర్రం. ఆరేళ్లు దాని మీద తిరిగాను.

ఒక వేసవిలో దానికి జ్వరం వచ్చి తగ్గింది. తర్వాత కొద్ది వారాలకి ఒక సంగతి గమనించాను. నీళ్ల తొట్టి అంచు ఎడమవైపు ఉంటే తగులుకుంటోంది. నేను చప్పుడు చేయకుండా ఎడమనుంచి వెళ్తే ఉలిక్కిపడుతోంది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దాని ఎడమ కంటి ముందు వేలు ఆడించాను. రెప్ప కదల్లేదు. కన్ను మాత్రం పైకి శుభ్రంగా, నల్లగా మెరుస్తూ ఉంది. చూపు లేదని నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

చెప్పలేదు.

చెబితే దాన్ని పనికిరాదని తీసేసి వేలం వేస్తారు. పెళ్లి ఊరేగింపుల వాళ్లు కొనుక్కుంటారు. అందుకే చెప్పలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది ప్రేమేనా? బాదం పోతే కొత్త గుర్రం వచ్చేదాకా నన్ను స్టేషను డ్యూటీకి పంపేవారు. కుర్చీలో కూర్చుని ఫిర్యాదులు రాసుకోవాలి. జీను మీద కూర్చుని వీధిలో వెళ్తుంటే జనం తలెత్తి చూసే చూపు నాకు కావాలి. ఇందులో ఎంత గుర్రం కోసం, ఎంత నా కోసం? ఎన్నిసార్లు తూచుకున్నా నా వైపే మొగ్గుతుంది.

ఏటా పశువుల డాక్టరు వచ్చి గుర్రాలన్నిటినీ పరీక్ష చేస్తాడు. కంటి ముందు చెయ్యి ఆడిస్తాడు. చూపున్న గుర్రం తల వెనక్కి తీస్తుంది. ఆయన చెయ్యి లేచిన క్షణానే, బాదం గడ్డం కింద పగ్గాన్ని వేలితో కొంచెం లాగాను. అది తల ఎత్తింది. ఆయన రాసుకుని పక్క గుర్రం దగ్గరికి వెళ్లిపోయాడు. అంత తేలికగా అయిపోయింది. ఆ తర్వాత బందోబస్తుకి వెళ్లినప్పుడల్లా జనం నా కుడివైపు, గోడ నా ఎడమవైపు ఉండేలా చూసుకునేవాణ్ణి. ఎడమవైపు ఏదైనా వస్తుంటే ముందే నాలుకతో చప్పుడు చేసి దానికి తెలియజేసేవాణ్ణి. ఏడాది అలా నడిచింది. నేర్పరిననుకున్నాను కూడా.

జాతరకి రెండు రోజుల ముందు నా తొడ మీద సెగ్గడ్డ లేచింది. జీను మీద కూర్చోలేను. బాదంని సూరిబాబుకి ఇచ్చారు. రాజాం దగ్గర పల్లెలో వరి పండించే ఇంటినుంచి వచ్చినవాడు. దళంలో చేరి రెండేళ్లయింది. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అని పిలిచేవాడు.

మాలో ఒక ఆచారం ఉంది. గుర్రం చేతులు మారేటప్పుడు పాత మనిషి దాని గుట్టంతా కొత్త మనిషికి చెప్పాలి. ఒకదానికి గొడుగంటే పడదు, ఒకటి తోక దగ్గర చెయ్యి వేస్తే తంతుంది, ఒకటి నీటి గుంట దాటదు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. కానీ చెప్పకుండా గుర్రాన్ని అప్పగించినవాణ్ణి నేను చూడలేదు.

జాతర రోజు పొద్దున్నే గుర్రాల శాలలో మేమిద్దరమే ఉన్నాం. సూరిబాబు జీను బిగిస్తూ అడిగాడు.

"బావా, దీనికేటైనా తిక్క ఉన్నాదా? ముందే సెప్పేయ్."

"తిక్క దానికి లేదురా, నీకే ఉన్నాది."

"నవ్వుతాలకి కాదు. దేనికి బెదురుతాది? ఎటేపు సూసుకోవాల?"

"ఏటీ లేదురా. ఆవులాంటిది. నువ్వు కూకో, అదే నడుస్తాది."

"నీ మాట మీద ఎక్కుతన్నాను మరి."

"ఎక్కరా బాబూ. జాతర అయిపోతాది నువ్వెక్కేసరికి."

అక్కడ మూడో మనిషి లేడు. అధికారి వింటున్నాడన్న సాకు కూడా నాకు లేదు. జనాన్ని కుడివైపు ఉంచుకో అని ఒక్క ముక్క చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకని అడిగితే? అడుగుతాడు, అడిగే రకం. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి నోరు మూసుకున్నాను. సూరిబాబు ఎక్కి గేటు దాటాడు.

తర్వాతది నేను కళ్లారా చూడలేదు, వాళ్లూ వీళ్లూ చెప్పగా విన్నాను. ఒక మలుపు దగ్గర ఎడమవైపు సందులోంచి డప్పులవాళ్లు ఒక్కసారిగా బయటికొచ్చారు. బాదం వాళ్లని చూడలేదు. చూడనిది చెవి పక్కనే మోగింది. బాదం బెదిరి గిర్రున తిరిగింది. ఘటాలకు పోసిన పసుపు నీళ్లతో సిమెంటు రోడ్డు జారుడుగా ఉంది. గిట్టలు పట్టు తప్పి ఎడమవైపుకి కూలింది. సూరిబాబు ఎడమ మోకాలు దాని కింద నలిగింది. బాదం తల కాలవ గట్టుకి కొట్టుకుంది.

దాని ముఖం ఎడమ భాగమంతా వాచిపోయింది. వాపు తగ్గాక డాక్టరు కన్ను చూశాడు. చూపు లేదన్నాడు. దెబ్బ వల్ల పోయిందని రాశాడు.

నేను అప్పుడు పక్కనే ఉన్నాను. పగ్గం పట్టుకుని.

విచారణలో నన్నూ పిలిచారు. ఈ గుర్రం ఇంతకుముందు ఎప్పుడైనా ఇబ్బంది పెట్టిందా అని అడిగారు. లేదన్నాను. సంతకం పెట్టాను. సూరిబాబు మాత్రం ఆసుపత్రి మంచం మీంచే తనకు తెలిసింది చెప్పాడు. తనకు తెలిసింది ఏముంది? గుర్రం మంచిది. బావ చెప్పాడు. కాబట్టి తప్పు తన చేతిదే అయ్యుండాలి. కంగారులో పగ్గం అడ్డంగా లాగి ఉంటానన్నాడు. కాగితాల మీద అదే నిలిచింది. సవారీలో నిర్లక్ష్యం అని రాసి వాణ్ణి దళంలోంచి తీసేశారు. మోకాలు మళ్లీ పూర్తిగా వంగలేదు. కొన్నేళ్లకి ఉద్యోగమే వదిలేశాడు.

బాదంని వేలానికి పంపించేసే ముందు చంక కింద కర్ర పెట్టుకుని ఒకసారి శాలకి వచ్చాడు. దాని ఎడమవైపు నిలబడి పేరు పెట్టి పిలిచాడు. అది తలంతా తిప్పి కుడి కంటితో చూసింది. వాడు ఏడ్చాడు. "నానే పోగొట్టీసినాను బావా దీని కన్ను" అన్నాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. "ఊరుకోరా, కావాలని సేసినావేటి" అన్నాను.

మొదటి అబద్ధానికి భయం అని ఒక పేరుంది. విచారణలో చెప్పినదానికీ అదే పేరు పెట్టుకోవచ్చు. మరి ఆ భుజం మీద చేతికి ఏ పేరు పెట్టను? నా పాపానికి వాణ్ణి నేను క్షమించాను.

పోయిన కార్తీకంలో విజయనగరం బస్ కాంప్లెక్సులో సూరిబాబు భార్య కనిపించింది. నన్ను చూడగానే సంబరంగా అన్నయ్యా అని దగ్గరికొచ్చింది. వాడు రాజాంలో ఒక ధాన్యం కొట్లో కాటా దగ్గర పని చేస్తున్నాడని చెప్పింది. ఎలా ఉన్నాడని అడిగాను. "ఏం సెప్పమంటావన్నయ్యా, స్కూటర్ తొక్కడు, ఎడ్ల పలుపు పట్టమంటే పట్టడు. పిల్లదాన్ని సైకిలెక్కించి ఎనకాల పట్టుకోమంటే కూడా, నా సెయ్యి మంచిది కాదు, నువ్వే పట్టుకో అన్నాడు. కాలు గురించి ఏనాడూ అనడు. ఆ గుర్రం కన్నే సెప్తాడు" అంది.

నేను ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ వాడి కాలు చూసే బాధపడ్డాను. వాడి చేతుల సంగతి నాకు తెలియదు.

రెండు రోజుల తర్వాత రాజాం వెళ్లాను. గరివిడి దాటేదాకా, ఇక్కడే దిగి వెనక్కి వెళ్లిపోదామా అన్న ఆలోచన వస్తూనే ఉంది. కొట్లో బస్తాల మధ్య వాడు చిన్న బల్ల మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి, "పింఛనీ వచ్చినాక ఒళ్లు సేసినావు బావా" అని నవ్వాడు. ఆ నవ్వు ఉండగానే చెప్పేశాను. వరసగా చెప్పలేదు. ముందు కన్ను, తర్వాత డాక్టరు దగ్గర పగ్గం లాగడం, తర్వాత శాలలో వాడడిగిన ప్రశ్న.

వాడు కాటా మీదున్న బస్తా తూకం ఒకసారి చూసి, మళ్లీ చూశాడు.

"ఎంత ముందు పోయింది కన్ను?"

"ఏడాది."

"మరి నానేడుస్తుంటే నా భుజమ్మీద సెయ్యేసినావు."

"ఏసినాను."

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. వాడు బస్తాని దింపించి, చీటీ రాసి ఇచ్చి, అప్పుడు నా వైపు తిరిగాడు. "నా ఒక్కడికీ సెప్పీసి ఎల్లిపోతే నీకు తేలిక. మా ఇంట్లో సెప్పు. మా ఆడదీ, అమ్మా ఇనాల. నా పిల్ల కూడా ఇనాల."

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. వెళ్లేముందు పై అధికారులకు ఒక ఉత్తరం రాశాను. కన్ను ఎప్పుడు పోయిందో, పరీక్షలో నేనేం చేశానో, విచారణలో ఏ అబద్ధానికి సంతకం పెట్టానో రాసి, సూరిబాబు మీద రాసిన మాట తీసేయమని అడిగాను. దాన్ని వాళ్ల వసారాలో నిలబడి నలుగురి ముందూ చదివాను. సూరిబాబు తల్లి, "బాబూ, ఇది ఆనాడే సెప్పుంటే ఈడు మనిషిలా బతికీవోడు" అంది. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. సూరిబాబు భార్య ఈసారి నన్ను అన్నయ్యా అనలేదు. పిల్ల మాత్రం వాళ్ల నాన్న చేతుల వైపు చూసింది.

వెళ్తున్నప్పుడు సూరిబాబు గుమ్మం దాకా రాలేదు. కూర్చున్నచోటినుంచే, "ఆ ఉత్తరం పంపినట్టు రసీదు నాకు సూపించు" అన్నాడు. మర్నాడే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, మళ్లీ రాజాం వెళ్లి రసీదు వాడి చేతిలో పెట్టాను. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను క్షమించమని అడగలేదు. ఆ మాట అడిగే హక్కు శాలలోనే పోగొట్టుకున్నాను.

పైనుంచి ఇంకా జవాబు రాలేదు. పింఛనుకి అడ్డు రావచ్చని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. రానివ్వండి. పిలిస్తే వెళ్తాను, ఉత్తరంలో రాసిందే ఎదురుగా నిలబడి చెబుతాను. ఇప్పుడు అన్నం సయిస్తోంది, నిద్ర పడుతోంది. ఇంత తేలిగ్గా ఉండటం నాకు తగునా అని అప్పుడప్పుడు సిగ్గుగా ఉంటుంది. అయినా తేలిగ్గానే ఉంది. సూరిబాబుకి ఎలా ఉందో నాకు తెలియదు. అది వాడు చెప్పాలనుకుంటే చెప్పాల్సిన సంగతి.