బొంగురుపోయిన గిటారు

ఆదివారం మధ్యాహ్నం రేడియోలో స్పీకరమ్మ కార్యక్రమం దగ్గులతో మొదలవుతుంది. పాటకు ముందు హాల్లో జనం దగ్గుతారు, కుర్చీలు ఈడుస్తారు, ఎవరో ఎవరినో కేకేసి పిలుస్తారు. ఇంకొకరైతే అదంతా కత్తిరించి పారేస్తారు. ఆమె కత్తిరించదు. ఆమె వేసేవన్నీ రాక్ కచేరీల్లో జనం మధ్య కూర్చుని ఎవరో ఒకరు పట్టుకున్న టేపులు. చాలావాటికి రెండో కాపీ ఉండదు. పాట మొదలయ్యేలోగా, "ఇది రికార్డు చేసినవాళ్లు ఎడమ పక్కన, స్తంభం వెనక కూర్చున్నారు" అని ఆమె చెబుతుంది. అది నిజమో కాదో తేల్చుకోవడానికే రేడియో పెట్టేవాళ్లున్నారు.

మిగతా రోజుల్లో ఆమె పని పాడైపోయిన స్పీకర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేయడం. ఆ పేరు అలా వచ్చిందే. పని ఎవరూ నేర్పలేదు. విప్పింది, చూసింది, షాకులు తింది, నేర్చుకుంది. ఏదైనా చప్పుడు వినిపిస్తే అది ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసేదాకా ఆమెకు అన్నం సయించదు.

షాపులో ముందు బల్ల దగ్గర ఆమె తల్లి కూర్చుంటుంది.

"ఈ గోల వినేవాళ్లు నిజంగా ఉన్నారంటావా?"

"నువ్వు వినడం లేదూ అమ్మా?"

"నాకు వేరే దారేముంది? తెచ్చి ఇక్కడ కూచోబెట్టావు."

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి, యూనిఫాంలోనే ఒక నర్సు వచ్చింది. సంచిలోంచి క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టింది గానీ, దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.

"రేడియోలో వేస్తారో లేదో తర్వాత సంగతండీ. ముందు మీరు విని నాకొక్క మాట చెప్పాలి. మా ఆయన వైరు తన్నాడా, లేదా?"

స్పీకరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. నర్సు మెల్లగా అంతా చెప్పింది. ఆమె భర్త ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. వయసులో ఉన్నప్పుడు డ్రమ్స్ వాయించేవాడు. ఇప్పుడు కళ్లజోళ్ల షాపు నడుపుతున్న ఆమె తమ్ముడు అదే బ్యాండులో గిటారు. ఒక కచేరీలో తమ్ముడి సోలో మంచి ఊపు మీద ఉండగా గిటారు మూగబోయింది. తనకు పేరొస్తోందని ఓర్వలేక బావే కాలితో వైరు తన్నేశాడని తమ్ముడన్నాడు. తాను ముట్టుకోలేదని భర్త అన్నాడు. బ్యాండు అక్కడితో సరి. ఆ వేళ కొత్తగా పెళ్లయిన ఆమె ముందు వరసలో, ఒళ్లో టేప్ రికార్డర్ పెట్టుకుని కూర్చుంది. కానీ ఆ క్యాసెట్‌ను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

"అదేమిటమ్మా, ఎందుకని?" అంది తల్లి.

"తన్నాడని తేలితే పెద్దమ్మా? ఇన్నేళ్లూ నా మొహం మీద అబద్ధమాడిన మనిషితో కాపురం చేశానన్నమాట. తమ్ముడు మా పై వాటాలోనే ఉంటాడు. ఇద్దరూ ఒకే గదిలో కూచుని, 'మీ ఆయన్ని కాస్త జరగమను' అని ఒకడు, 'మీ తమ్ముణ్ణి అరవద్దను' అని ఒకడు. త్వరలో రిటైరవుతాను. ఇక పొద్దస్తమానం ఆ ఇద్దరి మధ్యే గదా ఉండాలి. నిజమేదో తెలుసుకున్నాకే ఉంటాను."

ఆమె చెయ్యి తీసింది. స్పీకరమ్మ క్యాసెట్ పెట్టింది.

పాట నడుస్తోంది. గిటారు సోలో ఎత్తుకుంది. కాసేపటికి దాని గొంతు మారింది. లోతుగా, బొంగురుగా, గుండెలోంచి మూలిగినట్టు అయింది. జనం ఒక్కసారిగా ఈలలు, కేకలు. ఆ గొంతు ఇంకా ఇంకా కిందికి దిగి, సన్నబడి, ఆగిపోయింది. డ్రమ్స్ మాత్రం కొంచెంసేపు ఒంటరిగా మోగాయి. తర్వాత ఎవరో కుర్రవాడు గట్టిగా తిట్టడం వినిపించింది.

స్పీకరమ్మ టేపు వెనక్కి తిప్పి మళ్లీ వింది. మళ్లీ తిప్పింది.

"ఆంప్లిఫయరు ఏది?"

"లోపల గాజుబుడ్లు వెలుగుతాయే, ఆ పాత వాల్వులదండీ. వాయిస్తుంటే కుంపటిలా కాలిపోయేది."

స్పీకరమ్మ బల్ల కింద నుంచి అలాంటిదే ఒకటి బయటికి లాగి, వేడెక్కనిచ్చి, గిటారు తగిలించింది. "అమ్మా, నేను తీగ మీటగానే ఆ గిటారు వైరు పీకెయ్."

"ఎంత గట్టిగా?"

"వాళ్లాయన తన్నినంత."

తల్లి కొంగు బిగించి లాగింది. ఠప్పుమని పేలినట్టయి, వెంటనే జుయ్యిమని రొద. "ఇంకోసారి లాగనా?" అంది ఆవిడ ఆశగా. ఈసారి స్పీకరమ్మ గోడ దగ్గర ప్లగ్గు పీకించింది. శబ్దం కళ్లు మూసి తెరిచేలోగా కుంగిపోయింది.

"టేపులో ఉన్నది ఈ రెండూ కాదు" అంది స్పీకరమ్మ. "కాలు తగిలితే ఉన్నట్టుండి పోవాలి. ఇక్కడ ఆగడానికి చాలా ముందునుంచే గొంతు బొంగురుపోతూ వచ్చింది. లోపల వాల్వు చచ్చిపోతోంది. మీ ఆయన కాదండీ."

నర్సు స్టూలు మీద కూలబడింది. కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఆగిపోయింది.

"అయితే జనం ఈలలేసిన ఆ గొంతు?"

"అది కూడా వాల్వుదే."

"అయ్యో. మా తమ్ముడికి జీవితం మొత్తమ్మీద అదొక్కటే ఉందండీ. ఆ రోజు నా వేళ్లలోంచి వచ్చిన గొంతు మళ్లీ రాలేదే అని ఎన్ని గిటార్లు మార్చాడో! అది వాల్వు చావుకేకరా అని ఎలా చెప్పను?"

"మరి ఆయన్ని దోషిగానే ఉంచేస్తావా?" అంది తల్లి.

స్పీకరమ్మే అంది: "చెప్పడం నాకూ చేతకాదు. వినిపించడం చేతనవును. మీ తమ్ముణ్ణి తీసుకురండి."

మర్నాడు అక్క వెంట తమ్ముడు వచ్చాడు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని. టేపు వింటుంటే మొహం వెలిగిపోయింది. "ఇదే! ఇక్కడే! విన్నారా?"

స్పీకరమ్మ అతని చేతికి గిటారిచ్చింది. ఆంప్లిఫయరుకూ గోడకూ మధ్య కరెంటు పెంచి తగ్గించే డయలు పెట్టె తగిలించింది. అతను వాయిస్తుంటే డయలు కొద్దికొద్దిగా వెనక్కి తిప్పింది. గిటారు గొంతు కిందికి దిగింది. బొంగురుపోయింది. మూలిగింది.

అతని చెయ్యి ఆగిపోయింది. "ఏం చేశారు?"

"కరెంటు తగ్గించాను. ఆ రోజు వాల్వు పోతుండటంతో మీ ఆంప్లిఫయరుకు ఊపిరి అందలేదు. ఇంచుమించు ఇదే."

అతను చాలాసేపు తన వేళ్లకేసి చూసుకున్నాడు. "అంటే ఇవి కాదన్నమాట."

"వేళ్లు మీవే. అది చచ్చిపోతున్నా ఆపకుండా వాయించింది మీరే. గొంతొక్కటే దానిది."

"ఇన్నేళ్లూ వీటినే తిట్టుకున్నాను" అని, మళ్లీ మీటాడు. ఆ గొంతు వచ్చింది. ఇంకోసారి మీటాడు. అప్పుడుగానీ మిగతా సగం అతనికి తట్టలేదు. గిటారు పక్కన పెట్టి, "అక్కా, నీ ఫోనియ్యి" అన్నాడు. ఫోను గొంతు పెద్దది. అవతలి మాటలు అందరికీ వినబడ్డాయి.

"బావా, నేను. వైరు నువ్వు తన్నలేదంట."

అవతల కారు హారన్ మోగింది. "ఆ సంగతి నాకు ముందే తెలుసురా."

"నాకిప్పుడే తెలిసింది."

"బ్రేకు! బ్రేకు తొక్కమ్మా! నిన్ను కాదురా, పక్కన ఈవిడ నేర్చుకుంటోంది. ఎక్కడున్నావ్?"

"స్పీకర్ల షాపులో. ఆ గొంతు దొరికింది బావా. వచ్చి విను."

కాసేపు ఇంజను చప్పుడొక్కటే వినిపించింది.

"వస్తా. నేనొచ్చేలోగా ఆ వైరేదో నా కాళ్లకి అందనంత దూరంగా పెట్టు."

తమ్ముడు నవ్వలేదు. లేచి, నేలమీద పడున్న వైరును చుట్టలు చుట్టి, గోడవారకు తీసుకెళ్లి జాగ్రత్తగా పెట్టాడు. నర్సు స్టూలు తెచ్చి తలుపు దగ్గర వేసుకుని, వీధికేసి చూస్తూ కూర్చుంది.